సీమచింత, ఎగ్జాటిక్ బ్రోకలీ

క్రీస్తుపూర్వం 184లో చనిపోయిన ప్లాటస్ అనే రోమన్ నాటకకర్త రాసిన 'మోస్టెల్లారియా' ఇద్దరు బానిసల తగువుతో మొదలవుతుంది. ఒకడు పొలం మీద ఉండేవాడు. రెండోవాడు పట్నంలో యజమాని కొడుకు పక్కన చేరి కులాసాగా తిరిగేవాడు. పట్నంవాడు పొలంవాణ్ణి చూసి ముక్కు మూసుకుంటాడు, వెల్లుల్లి కంపు కొడుతున్నావు, అవతలికి పొమ్మంటాడు. నీలాగా పైదేశపు అత్తర్లు పూసుకుని తిరిగే యోగం అందరికీ ఉంటుందా అని పొలంవాడు తిప్పికొడతాడు. ఆ అత్తర్లకు ప్లాటస్ తగిలించిన విశేషణం 'ఎగ్జాటికా'. ఇవాళ ఇంగ్లీషులోనూ, ఇంగ్లీషు ద్వారా మన అంగళ్ళలోనూ వినిపిస్తున్న 'ఎగ్జాటిక్' దాని వారసురాలే.

పుట్టుకలో ఈ మాటకు ఏ రంగూ లేదు. గ్రీకులో 'ఎక్సో' అంటే బయట, 'ఎక్సోటికోస్' అంటే బయటిది. మెచ్చుకోలూ లేదు, వెక్కిరింతా లేదు. అయినా లాటిన్‌లో మనకు దొరికే తొలి వాడుకల్లోనే ఒకపక్క అత్తరు, ఇంకోపక్క వెల్లుల్లి, మధ్యలో డబ్బు చేరిపోయాయి. అదే ప్లాటస్ 'మెనేక్మి' అనే మరో నాటకంలో, తప్పిపోయిన కవల సోదరుడి కోసం తిరిగిన తీరాలను ఏకరువు పెట్టిస్తూ 'ఎగ్జాటిక్ గ్రీసు' అంటాడు. అది ఎక్కడో సముద్రాల అవతల లేదు. ఇటలీ దక్షిణాన గ్రీకులు వలస వచ్చి కట్టుకున్న పట్టణాల ప్రాంతమే. రోములో కూర్చుని నాటకం చూసేవాడికి అది ఇంటి పక్క. గ్రీసులో ఉన్నవాడికి మాత్రం అది బయటి గ్రీసు. ఎవరి గడప నుంచి కొలుస్తున్నామో తేల్చుకోకుండా ఈ మాట వాడితే ఏమవుతుందో రెండువేల ఏళ్ళ కిందటే తెలిసిపోయింది.

ఇంగ్లీషులోకి ఇది 1590ల్లో వచ్చింది, ఉత్త 'పరదేశపు' అన్న అర్థంతోనే. కొద్ది కాలానికే, 1605లో, లైడెన్ నగరంలో కరోలస్ క్లూసియస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు లాటిన్‌లో ఒక పెద్ద గ్రంథం అచ్చువేశాడు. దాని పేరుకు 'ఎగ్జాటిక్, అంటే పరదేశపు, వస్తువుల గురించి పది పుస్తకాలు' అని అర్థం. హాలండులో తులిప్ పూలకు ఆద్యుడని చెప్పుకునేది ఈయన్నే. గోవాలో ఉండి వైద్యం చేసిన గార్సియా ద ఓర్టా అనే పోర్చుగీసువాడు 1563లో రాసిన పుస్తకాన్ని సంక్షేపించి ఆ పదింటిలో చేర్చాడు. మామిడి, పనస, కొబ్బరి, మిరియం, చింతపండు అందులో ఉన్నవి. అంటే మన పెరట్లో కాకులు కొట్టిపోయే కాయలన్నీ యూరపు పండితుల బల్ల మీద ఎగ్జాటిక్ సరుకు. తరవాత తోటమాలుల భాషలో ఇది నామవాచకం కూడా అయింది. అద్దాల గదిలో వేడి పెట్టి పెంచే మొక్కలన్నీ 'ఎగ్జాటిక్స్'. లండన్ పక్కన క్యూ తోటలో 1844, 1848 మధ్య ఇనుమూ గాజూ కలిపి కట్టిన పామ్ హౌస్ అనే భవనం ఉంది. కింద బొగ్గు మంట పెట్టి, పైన తాటి జాతి చెట్లను చలికి చావకుండా కాపాడేవాళ్ళు. మన ఊళ్ళో ఎవరూ నీళ్ళయినా పోయని చెట్టుకు అక్కడ అంత పరిచర్య. ఆ పరిచర్యలోనే మాట అర్థం జరిగిపోయింది. బయటిది కాస్తా వింతైనది, అందమైనది, ఖరీదైనది అయింది.

అక్కడి నుంచి అది ఎటుపడితే అటు పోయింది. 1940ల అమెరికాలో బట్టలు విప్పుతూ ఆడే ఆటకు మర్యాదగా పెట్టిన పేరు ఎగ్జాటిక్ డాన్స్. ఆడే మనిషి అదే దేశంలో పుట్టి, అదే వీధిలో పెరిగినా సరే. భౌతికశాస్త్రంలో క్వార్కులనే మూలకణాలు రెండేసి, మూడేసి చేరి లెక్క కుదిరే కణాలు మామూలువి. నాలుగో ఐదో ఉన్నవి దొరికితే ఎగ్జాటిక్ హాడ్రాన్లు. 2015లో జెనీవా దగ్గరి ప్రయోగశాల ఐదు క్వార్కుల కణాన్ని ప్రకటించినప్పుడు పత్రికలు ఆ విశేషణమే వాడాయి. స్టాక్ మార్కెట్లో ఇంకా తమాషా. చిక్కుముడి షరతులున్న ఒప్పందాలు 'ఎగ్జాటిక్ ఆప్షన్లు', సాదాసీదావి 'ప్లెయిన్ వెనిల్లా'.

వెనిల్లాకు సాదాతనం ఎక్కడి నుంచి వచ్చింది? అది మెక్సికో అడవుల్లోని ఒక తీగ కాయ, ఆర్కిడ్ జాతి. దాన్ని తెచ్చి హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో నాటితే తీగ పెరిగింది గాని కాయలు నిలవలేదు. పువ్వులో పుప్పొడిని చేత్తో చేర్చే చిటుకు 1841లో పన్నెండేళ్ళ బానిస కుర్రాడు ఎడ్మండ్ ఆల్బియస్ కనిపెట్టాడు. సన్నని పుల్లతో పువ్వులోని పొరను పైకెత్తి బొటనవేలితో నొక్కడం, అంతే. ఇప్పటికీ తోటల్లో చేసేది అదే. ప్రతి పువ్వూ పూసిన రోజే, చేత్తో. ఇంత దూరం నుంచి, ఇంత కష్టం మీద వచ్చినది ఐస్‌క్రీమ్ బండి మీద రోజూ కనబడీ కనబడీ 'ఏ రుచీ లేని రుచి'కి పేరైపోయింది. కాబట్టి ఎగ్జాటిక్‌కు ఎదురుమాట 'స్వదేశీ' కాదు. 'రోజూ చూసేది' అనాలి.

మన సూపర్ మార్కెట్లో అడుగుపెడితే ఈ సంగతి కళ్ళకు కడుతుంది. వంకాయలూ బెండకాయలూ గంపల్లో కలగలిసి పడి ఉంటాయి, ఏరుకోవచ్చు, తుంచి చూడవచ్చు. చలిగాలి కొట్టే అర విడిగా ఉంటుంది. అక్కడ తెల్లటి థర్మోకోల్ పళ్ళేల్లో, పైన పారదర్శకమైన పొర బిగించి, బ్రోకలీ, జుకినీ, ఎరుపూ పసుపూ క్యాప్సికమ్, చెర్రీ టమాటాలు ఉంటాయి. పైన 'ఎగ్జాటిక్ వెజిటబుల్స్' అని బోర్డు. ముట్టుకోవడానికి లేదు, ధర వంద గ్రాములకో పావుకిలోకో. ఆ బ్రోకలీ నీలగిరుల్లోనో హోసూరు దగ్గరి పాలీహౌస్‌లోనో పండింది. దానికి నాలుగు వరసల అవతల బస్తాలో ఉన్న కందిపప్పు మొజాంబిక్ నుంచో మయన్మార్ నుంచో ఓడెక్కి వచ్చి ఉండవచ్చు. దాని పక్క పామాయిల్ ప్యాకెట్టు ఇండోనేషియాదో మలేషియాదో. వాటి మీద ఎగ్జాటిక్ అన్న చీటీ ఎవరూ అంటించరు, అంటిస్తే నవ్వుతారు కూడా. హోసూరు కూర పరదేశి, మొజాంబిక్ పప్పు మనది. మైళ్ళతో ఆ విశేషణానికి పని లేదని ఇంతకన్నా ఎవరు చెప్పాలి?

కూరగాయల్లో ఏది బయటిదో ఖచ్చితంగా తెలిసిన చోటు ఇంకొకటి ఉంది. తద్దినం పెట్టే వంటిల్లు. ఆబ్దికం నాడు చాలా ఇళ్ళలో క్యాబేజీ, కాలీఫ్లవర్, క్యారెట్, బీట్‌రూట్, టమాటా, బంగాళాదుంప పొయ్యి దాకా రావు. వాటిని పెద్దవాళ్ళు 'ఇంగ్లీషు కూరలు' అని ఒక్క మాటలో తీసిపారేస్తారు. అరటికాయ, కాకరకాయ, కంద, చేమదుంప, పనస, పెసరపప్పు, నువ్వులు సరే. కొన్ని ఇళ్ళలో కారానికి మిరపకాయ కూడా వెయ్యరు, మిరియాలు దంచి వేస్తారు. ఆ పట్టికను ఒకసారి వృక్షశాస్త్ర పుస్తకం పక్కన పెట్టి చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. కొలంబస్ ఓడ ఎక్కాక వచ్చినవి దాదాపు అన్నీ బయట, అంతకు ముందు నుంచీ ఉన్నవి లోపల. పక్కనున్న పూరీ జగన్నాథుడి వంటశాలలో కూడా బంగాళాదుంపకూ టమాటాకూ ప్రవేశం లేదు. పిండాల దగ్గర కూర్చున్నవాళ్ళెవరూ కొలంబస్ చరిత్ర చదవలేదు. అత్తగారు వండలేదు గనక కోడలు వండలేదు, అంతే. గుంటూరు పేరు చెబితే గుర్తొచ్చే మిరపకాయ కూడా ఆ ఒక్క రోజు పరాయిదే. మర్నాడు పొద్దున ఇడ్లీలోకి అదే కారప్పొడి.

ఇక మన భాష ఈ 'బయటి'తనాన్ని ఎలా చెప్పుకుంది? నిఘంటువులు 'అన్యదేశ్యం' అంటాయి గాని అది పండితుల మాట, పరభాషల నుంచి వచ్చిన పదాలకు పెట్టినది. జనం మాట 'సీమ'.

సంస్కృతంలో సీమ అంటే ఎల్ల, పొలిమేర గీత. దసరానాడు ఊరి పొలిమేర దాటి జమ్మిచెట్టు దగ్గరికి పోవడాన్ని సీమోల్లంఘనం అంటారు, అందులో ఉన్నది ఈ పాత అర్థమే. తెలుగులో ఆ గీత లోపలి నేల కూడా సీమ అయింది. కోనసీమ, పల్నాటిసీమ. కడప, కర్నూలు వైపు ప్రాంతానికి అప్పటిదాకా ఉన్న దత్తమండలాలన్న పేరు ఎవరో ఎవరికో దానమిచ్చినట్టు ఉందని రోసి, 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పెట్టుకున్నారు. అదే మాట దొరల కాలంలో గీత అవతలికి దూకింది. సీమ అంటే ఇంగ్లండు. సీమదొరలు, సీమసరుకు, సీమకు పోయి బారిస్టరై వచ్చినవాడు. ఒకే మాట గీతకూ, గీత లోపలికీ, సముద్రాల అవతలికీ సరిపోయింది. 'సీమ బిడ్డ' అంటే ఇవాళ కడప, కర్నూలు వైపు మనిషి. నూరేళ్ళ కిందట 'సీమ గుడ్డ' అంటే మాంచెస్టర్ మిల్లుది.

ఇది మనకొక్కరికే పట్టిన వింత కాదు. అరబ్బీలో 'విలాయత్' అంటే ఒక పాలకుడి కింద ఉన్న రాష్ట్రం, మన సీమలాంటిదే. హిందుస్తానీలోకి వచ్చాక అది పరదేశమైంది, ఆపైన ఇంగ్లండు అయింది. టమాటాను విలాయతీ వంకాయ అన్నారు, సోడాను విలాయతీ నీళ్ళు అన్నారు. ఇక్కడి దండులో ఉన్న తెల్ల సిపాయిలు ఆ మాట విని, నోరు తిరిగినట్టు 'బ్లైటీ' చేసుకుని, తమ దేశానికే పేరుగా పట్టుకుపోయారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు కందకాల్లో ఉన్నవాడికి ప్రాణం పోకుండా, ఇంటికి పంపించేంత గాయం తగిలితే దాన్ని 'బ్లైటీ' దెబ్బ అనేవాళ్ళు. మనం 'పరాయి' అన్న మాట వాళ్ళకు 'ఇల్లు' అయింది. ఎగ్జాటిక్‌కు ఇంత అదృష్టం పట్టలేదు.

సీమకూ ఎగ్జాటిక్‌కూ నాకు కనిపించే తేడా ఒకటుంది. వస్తువుల పేర్లలో సీమ ఎప్పుడూ ఒంటరిగా రాదు, ఇంట్లో ముందే ఉన్న ఒక పేరును ఆనుకుని వస్తుంది. చింత ఉంది గనక సీమచింత. వంకాయ ఉంది గనక సీమవంకాయ, కొందరికి అది బెంగుళూరు వంకాయ. పనస ఉంది గనక సీమపనస. సున్నం ఉంది గనక బడిపిల్లల చేతిలో సీమసున్నం. కొత్తదాన్ని చూసి నోరు తెరవడం లేదు, 'ఇదీ మన ఫలానాలాంటిదే, కాకపోతే ఓడలో వచ్చింది' అని వరస కలుపుకోవడం ఉంది. వరస కలపడానికి ఇంకో దారి దొరికితే సీమ అవసరమే పడలేదు. మిరియం పోలికతో మిరప, జీడి పోలికతో జీడిమామిడి. అమెరికా ఖండపు పండు ఏకంగా సీతాఫలమైంది, అడవిలో సీతమ్మ తిన్న పండని కథ కూడా పుట్టింది. ఆండీస్ కొండల దుంప మనకు బంగాళాదుంప. అది బయలుదేరిన చోటు పేరు కాదు, మన దాకా వచ్చేముందు ఆగిన చివరి మజిలీ పేరు. రాయలసీమలో బొప్పాయిని పరంగికాయ అంటారు, తెచ్చిన ఫిరంగివాడి పేరు. ఊరూ పేరూ లేకుండా 'ఎక్కడిదో, బలే ఉంది' అనడం మన రైతుకు చేతకాలేదు.

సీమచింత సంగతి ఇంకొంచెం చెప్పాలి. మెలికలు తిరిగిన కాయ, పండితే తొక్క ఎర్రబారి పగులుతుంది, లోపల తెల్లటి, లేత గులాబీ గుజ్జు, నల్లటి గింజ. బడి గోడల పక్కన, పొలం కంచెల్లో ఉంటుంది. చిలకలు సగం తిని పడేసినవి పిల్లలు ఏరుకుంటారు. చెట్టు పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. స్పెయిన్ ఓడల్లో మనీలాకు, అక్కడి నుంచి మన తీరానికి వచ్చింది. ఇంగ్లండుతో దానికి ఏ సంబంధమూ లేదు, అయినా సీమచింతే. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు డాక్టరు ఉండేవాడు. కంపెనీ కోసం అక్కడ తోట వేసి మిరియం, కాఫీ, దాల్చినచెక్క ఈ నేలలో బతుకుతాయా అని చూసేవాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన బొమ్మలతో అచ్చువేసిన పెద్ద పుస్తకాల్లో చాలా మొక్కలకు తెలుగు పేర్లు ఉన్నాయి. సీమచింతకు శాస్త్రీయ నామం మొదటిసారి ఆ పుస్తకంలోనే పెట్టాడు. తీపి గుజ్జును బట్టి 'డుల్సిస్' అన్నాడు. ఇవాళ్టికీ దాని లాటిన్ పేరు వెనక బ్రాకెట్లో రాక్స్‌బర్గ్ పేరు ఉంటుంది. మెక్సికోలో పుట్టిన చెట్టు ప్రపంచ శాస్త్రానికి కోరమాండల్ మొక్కగా పరిచయమైంది, కోరమాండల్‌వాళ్ళు దాన్ని సీమది అన్నారు. ఇంకా ఉంది. ఏ చింతను ఆనుకుని దీనికి పేరొచ్చిందో, ఆ మన చింత కూడా ఆఫ్రికా నుంచి వచ్చిందని వృక్షశాస్త్రజ్ఞులు అంటారు. అరబ్బులు దాన్ని 'హిందూదేశపు ఖర్జూరం' అన్నారు, 'టామరిండ్' అందులోంచి వచ్చింది. ముందు వచ్చినవాడు ఇంటివాడయ్యాడు, వెనక వచ్చినవాడికి ఇంటిపేరు తగిలింది.

అన్నీ ఇంత ముద్దుగా రాలేదు. మద్రాసు అటవీశాఖవాళ్ళు వంటచెరకు కొరత తీర్చడానికి జమైకా నుంచి గింజలు తెప్పించి 1877లో కడప జిల్లా కమలాపురం దగ్గర ఒక ముళ్ళచెట్టు నాటించారు. అదిప్పుడు చెరువు గర్భాల్లో, బీళ్ళలో, రైలు పట్టాల వెంట అల్లుకుపోయిన కంప. జనం దాన్ని సీమతుమ్మ అనడం కన్నా సర్కారుతుమ్మ అనడమే ఎక్కువ. ఏ దేశం నుంచి వచ్చిందన్నది వాళ్ళకు పట్టలేదు, ఎవరు తెచ్చారన్నది పట్టింది. ఇంత సూటిగా నేరం మోపిన విశేషణం ఇంగ్లీషు వృక్షశాస్త్రంలో నాకు కనబడలేదు. 1950ల్లో అమెరికా గోధుమలతో పాటు దిగిందని చెప్పే పార్థీనియం కలుపును కొందరు కాంగ్రెస్ గడ్డి అన్నారు, అదీ ఈ బాణీయే. దానికి మనవాళ్ళు పెట్టిన రెండో పేరు వయ్యారిభామ. తెల్లపూలతో గాలికి ఊగుతుంది, ముట్టుకుంటే దురద, పీలిస్తే ఉబ్బసం. ఇంగ్లీషులో పర్యావరణవేత్త 'ఎగ్జాటిక్' అన్నప్పుడు ఉన్న అసహ్యమూ, హోటలు మెనూ 'ఎగ్జాటిక్' అన్నప్పుడు ఉన్న ఆకర్షణా ఈ ఒక్క తెలుగు పేరులో కలిసి ఉన్నాయి.

మనుషుల మీద ఈ విశేషణం వాడటం గురించి రెండు మాటలు. విక్టర్ సెగలెన్ అని ఫ్రెంచి నౌకాదళ వైద్యుడొకడు తాహితీలోనూ చైనాలోనూ తిరిగాడు. ఈ మాట మీద పట్టిన కొబ్బరిచెట్లనూ ఒంటెలనూ దులిపేసి, ఎదుటిది తనకన్నా వేరని ఒప్పుకునే గౌరవం మాత్రమే మిగల్చాలని ఏళ్ళ తరబడి నోట్సు రాసుకున్నాడు. 1919లో పోయాడు. ఆ నోట్సు పుస్తకంగా వచ్చింది 1978లో. అదే ఏడాది ఎడ్వర్డ్ సయీద్ పుస్తకం 'ఓరియంటలిజం' వచ్చింది, తూర్పును పశ్చిమం చూసే చూపును నిలదీసి, ఎగ్జాటిక్ అన్న మాటను అమాయకంగా వాడే వీలు లేకుండా చేసింది. అయినా వాడుక ఆగలేదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పనిచేసే తెలుగమ్మాయిని 'నీ పేరు చాలా ఎగ్జాటిక్‌గా ఉంది' అని సహోద్యోగి మనసారా మెచ్చుకుంటాడు. పేరు లక్ష్మి. విజయవాడలో ఆమె తరగతిలో నలుగురు లక్ష్ములు ఉండేవాళ్ళు. మెచ్చుకోలుకు ముఖం వెలగాలి, వెలగదు. ఎందుకో చెప్పబోతే ఎదుటివాడు నొచ్చుకుంటాడు. సెగలెన్ ఆశ మంచిదే గాని మాట ఆయన చేతిలో లేదు. దాన్ని ఈసరికే అత్తర్లవాళ్ళూ హోటళ్ళవాళ్ళూ పంచుకున్నారు.

తెలుగు చేసేటప్పుడు దీనితో వచ్చే చిక్కు జంతువుల వార్తల్లో బాగా తెలుస్తుంది. పైదేశపు పాములూ చిలకలూ పెంచుకునేవాళ్ళు వివరాలు నమోదు చేసుకోవాలని 2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ చెప్పినప్పటి నుంచి ఈ మాట పత్రికాఫీసుల బల్లల మీదికి తరచు వస్తోంది. తొందరలో చాలామంది 'అరుదైన' అని రాసేస్తారు. అది తప్పు. అక్వేరియం దుకాణాల్లో గాజు తొట్టెలో ఈదుతూ, చెవుల దగ్గర ఎర్ర చారలతో, రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్దగా ఉండే తాబేలు పిల్లలు అరుదైనవి కావు. అమెరికా నుంచి ప్రపంచమంతా పాకిన ఆ జాతి, ప్రపంచంలోని వంద ఘోరమైన చొరబాటు జాతుల జాబితాలో ఉంది. దుకాణదారు దాన్ని ఎగ్జాటిక్ అంటాడు, పిల్లాడు ముచ్చటపడి కొనిపించుకుంటాడు. చూస్తుండగానే అది పళ్ళెమంత అవుతుంది, తొట్టి చాలదు, పుణ్యం వస్తుందని తండ్రి చెరువులో వదిలేస్తాడు. అక్కడ మన తాబేళ్ళ తిండి అది తింటుంది. అప్పుడు అటవీశాఖ నివేదికలోనూ అది ఎగ్జాటిక్కే, ఈసారి పళ్ళు నూరుతూ. మొదటి వార్తలో 'అరుదైన' అనీ రెండో వార్తలో 'విదేశీ' అనీ రాస్తే, రెండూ ఒకే తాబేలని చదివేవాళ్ళకు తట్టదు. ఎగ్జాటిక్ అని అలాగే ఉంచేస్తే ముచ్చటో ముప్పో తేలదు. దిద్దడానికి నా దగ్గరికి వస్తే మాత్రం రెండు చోట్లా సీమతాబేలు అని మార్చి అచ్చుకు పంపుతాను.